మూసీ నుంచి కుందూ దాకా: నీళ్ల పరీక్షపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నదుల మీద, చెరువుల మీద, రిజర్వాయర్ల మీదే. ప్రభుత్వ ల్యాబ్‌లో నీళ్ల నమూనాలు పరీక్షించే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాను. రాసినవాళ్లు వేర్వేరు ఊళ్లవాళ్లయినా బాధ ఒకటే: రిపోర్టులో ఒకటి ఉంటుంది, కళ్లకు ఇంకొకటి కనిపిస్తుంది. చాలాసార్లు రెండూ నిజమే అయివుంటాయి. నమూనా ఎక్కడ తీశారు, ఎన్ని గంటలకు తీశారు, అందులో ఏమేం కొలిచారు అని అడిగితే తేడా ఎక్కడొచ్చిందో బయటపడుతుంది. ఆ మూడు ప్రశ్నలూ మీ అందరికీ నోటికి రావాలన్నదే నా తాపత్రయం.

ప్రశ్న: మాది వలిగొండ దిక్కు మూసీ ఒడ్డు ఊరు. హైదరాబాద్ కాడ నల్లగ నురగతో పారే నీళ్లు మా దాకా వచ్చేసరికి తేటగానే కనబడుతయి. సార్లు వచ్చి సీసాలల్ల పట్టుకపోతరు, మీ కాడ నది బాగున్నది అంటరు. మరి మా బోరు నీళ్లు ఉప్పగ ఎందుకైతున్నయి? వరి ఏపుగ పెరిగి గింజ ఎందుకు తక్కువ వస్తున్నది? సార్లు చెప్పేది అబద్ధమా అమ్మా?
(ఒక రైతు, యాదాద్రి భువనగిరి జిల్లా)

జవాబు: వాళ్లు చెప్పింది అబద్ధం కాదండీ, మీ అనుభవమూ అబద్ధం కాదు. వాళ్లు కొలిచింది ఒకటి, మీ పొలాన్ని ఇబ్బంది పెడుతున్నది వేరొకటి.

మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఆ మంచినీళ్లను 1920లో పూర్తయిన గండిపేట జలాశయం ఆపుతుంది, పక్కన ఈసీ వాగు నీళ్లను 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఆపుతుంది. వానలు లేని నెలల్లో వాటి కింద నదిలో పారేది చాలావరకు నగరం వదిలిన నీళ్లే, శుద్ధి చేసినవి కొన్ని, చేయనివి కొన్ని. ఆ మురుగును సూక్ష్మజీవులు తింటాయి. తినేటప్పుడు నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. లీటరు నీళ్లలో అలా ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుందో కొలిస్తే అదే బీఓడీ. మన దగ్గర సీసాను 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చీకట్లో ఉంచి ఈ లెక్క తీస్తాం. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ 3 దాటకూడదు. శుద్ధి చేయని మురుగులో అది 200 దాకా, ఒక్కోసారి అంతకుపైన ఉంటుంది.

నగరం దాటాక మూసీకి అడ్డంగా పాతకాలపు కత్వలు, అంటే చిన్న ఆనకట్టలు, వరసగా ఉన్నాయి కదా. మీ తాతల నాటి ఆ కత్వలు ఎవరూ అడగకుండానే ఒక పెద్ద పని చేస్తున్నాయి. కత్వ వెనక నీళ్లు నెమ్మదిస్తాయి, మడ్డి అడుక్కి దిగుతుంది, నులిపురుగుల గుడ్లు కూడా దాంతోపాటే దిగుతాయి. కత్వ మీంచి దూకేటప్పుడు నీళ్లకు గాలి తగులుతుంది, ఆక్సిజన్ కలుస్తుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు మూసీ వెంట నగరం నుంచి దిగువకు సుమారు 40 కిలోమీటర్ల మేర నమూనాలు తీసి చూసినప్పుడు ఇదే తేలింది: కిందికి పోయేకొద్దీ బీఓడీ తగ్గింది, మలం ద్వారా వచ్చే బ్యాక్టీరియా తగ్గింది, నులిపురుగుల గుడ్లు తగ్గాయి, ఆక్సిజన్ పెరిగింది. అదే వరసలో పెరిగింది ఇంకొకటుంది, ఉప్పు.

ఉప్పు అడుక్కి దిగదు, సూక్ష్మజీవులు దాన్ని తినవు. పైన ఒక ఊరివాళ్లు మూసీ నీళ్లు పొలానికి పెడతారు, ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది, మిగిలిన నీరు ఊటగా మళ్లీ నదిలోకి వస్తుంది. కింది ఊరు అదే నీటిని మళ్లీ పొలానికి పెడుతుంది. మీ దాకా వచ్చేసరికి ఈ వరస చాలాసార్లు జరిగి ఉంటుంది. కళ్లకు తేటగా ఉన్న నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉండడం ఇలాగే.

కాబట్టి ఈసారి సీసా పట్టుకొచ్చినవాళ్లను బీఓడీతో ఆగవద్దని చెప్పండి. విద్యుత్ వాహకత (నీళ్లలో ఉప్పెంతుందో దీన్నిబట్టే తెలుస్తుంది) ఎంత, సోడియం నిష్పత్తి ఎంత, బోరాన్ ఎంత అని అడగండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను ఏ పనికి వాడతామన్నదాన్ని బట్టి ఐదు తరగతులు చేసింది. సాగునీటి తరగతిలో వాహకత సెంటీమీటరుకు 2250 మైక్రోమ్హోలు, సోడియం నిష్పత్తి 26, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ తరగతికి బీఓడీ పరిమితే లేదు. మీ పొలానికి సంబంధించిన అంకెలు ఇవీ. బోరు నీళ్లు, కాలువ నీళ్లు విడివిడిగా, ఒకసారి ఎండాకాలం చివర, ఒకసారి వానల తర్వాత భూసార పరీక్షా కేంద్రంలోగానీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలోగానీ చూపించండి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం తెలుస్తుంది.

వరి ఏపుగా పెరిగి గింజ తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మురుగు నీళ్లలో నత్రజని దండిగా ఉంటుంది. అది చాలదన్నట్టు మామూలు మోతాదులో యూరియా కూడా వేస్తే పైరు ఆకుకే పోతుంది, పడిపోతుంది, పురుగు ఎక్కువ పడుతుంది. నీళ్లలో నైట్రేట్, అమ్మోనియా ఎంతుందో చూపించుకుని, వ్యవసాయ విస్తరణాధికారితో మాట్లాడి యూరియా తగ్గించండి. ఒక్క విషయం ప్రేమగా చెబుతున్నాను, కాదనకండి: ఆ మడిలో ఉత్త కాళ్లతో దిగవద్దు. కొంకిపురుగు చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. నాట్లు వేసే ఆడవాళ్లకు బూట్లు కొనివ్వండి, ఇంట్లో పిల్లలతో సహా అందరికీ నులిపురుగుల మాత్రలు వేయించండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కు గండిపేట నీళ్లు వస్తాయి. ఆర్వో మెషీన్ అమ్మే అబ్బాయి టీడీఎస్ మీటర్ పెట్టి 300 చూపించి, ఈ నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయన్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
(ఒక గృహిణి, హైదరాబాద్)

జవాబు: తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. అందులో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉంటే నిక్షేపంగా తాగవచ్చు. వేరే ఆధారం లేని చోట 2000 దాకా అనుమతి ఉంది. 300 చూసి భయపడాల్సింది ఏమీ లేదు. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరిగిన లవణాలను, అదీ కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి వేసే అంచనా. సూక్ష్మజీవులు, పురుగుమందు దానికి కనిపించవు. డ్రైనేజీ కలిసిన నీళ్లకు కూడా అది 300 చూపించగలదు.

మీరు అడగాల్సిన అంకెలు రెండు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలై అనే, మలంతో వచ్చే బ్యాక్టీరియా అసలు ఉండకూడదు. కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. క్లోరిన్ చూడడానికి క్లోరోస్కోప్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది, మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు పచ్చగా మారతాయి. సంపులో, ఓవర్‌హెడ్ ట్యాంకులో, వంటింట్లో మూడు చోట్లా చూడండి. సంపులో ఉన్న క్లోరిన్ వంటింటికి వచ్చేసరికి మాయమైతే ముందు ట్యాంకు కడిగించండి, పైపుల్లో లీకు వెతికించండి. మెషీన్ సంగతి తర్వాత.

ప్రశ్న: మా సంఘం చెరువులో ఒక తెల్లవారుజామున చేపలన్నీ తేలాయి. పైనున్న ఫ్యాక్టరీలు రాత్రి వదిలిన నీళ్లే కారణమని మేమంటున్నాం. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన అధికారి మీటర్ ముంచి, ఆక్సిజన్ 9 ఉంది, నీళ్లు బాగానే ఉన్నాయి, మీ చేపలకేదో జబ్బు అని వెళ్లిపోయాడు. నష్టపరిహారం అడిగితే రిపోర్టు చూపిస్తున్నారు. ఊళ్లో మాలో మాకే గొడవలయ్యాయి.
(మత్స్య సహకార సంఘం సభ్యుడు, సంగారెడ్డి జిల్లా)

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు కష్టపడింది. ఆ అంకెను నేను ఇంకోలా చదువుతాను. ముప్పై డిగ్రీల వేడిలో మంచినీళ్లు సహజంగా పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. మధ్యాహ్నం 9 ఉందంటే ఆ చెరువు తన శక్తికి మించి ఆక్సిజన్ మోస్తోందన్నమాట. అలా జరిగేది నీళ్లలో పచ్చనాచు విపరీతంగా పెరిగినప్పుడు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు చేపలతో, బ్యాక్టీరియాతో పోటీపడి ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. మధ్యాహ్నం 9 ఉన్న చెరువులో తెల్లారేసరికి 1 కూడా లేకపోవచ్చు. భీమవరం, కైకలూరు వైపు చేపల రైతులను అడగండి, మబ్బు పట్టిన రాత్రుల్లో వాళ్లు ఏరియేటర్ల (నీళ్లకు గాలి పట్టించే యంత్రాల) దగ్గరే ఎందుకు కూర్చుంటారో చెబుతారు. కాబట్టి మధ్యాహ్నపు 9 నీళ్లు బాగున్నాయనడానికి సాక్ష్యం కాదు. చెరువుకు నత్రజని, భాస్వరం ఎక్కడినుంచో ఎక్కువగా అందుతున్నాయనడానికి సాక్ష్యం.

ఇక ఆక్సిజన్ అందక చచ్చాయా, విషంతో చచ్చాయా అన్నది. దీనికి చేపలనే చూడాలి. ఆక్సిజన్ తగ్గితే పెద్ద చేపలు ముందు పోతాయి, చావకముందు నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు మింగుతాయి, అది తెల్లవారుజామునే జరుగుతుంది. విషమైతే టైమంటూ ఉండదు. పిల్ల చేపలు, పెద్ద చేపలు కలిసి పోతాయి, తరచూ పిల్లలే ముందు పోతాయి. కప్పలు, నత్తలు, పీతలు కూడా చస్తాయి. చేపలు గిరగిరా తిరుగుతాయి, ఒడ్డుకు దూకుతాయి. చెరువులోకి నీళ్లు వచ్చే మూల దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. మీరు ఆ రోజు చూసింది వీటిలో ఏది? సంఘంలో ఎవరెవరు ఏం చూశారో ఇప్పుడే, మరచిపోకముందే, విడివిడిగా రాయించి సంతకాలు తీసుకోండి. రెండూ కలిసి జరగడం కూడా ఉంది, రాత్రి వచ్చిన వ్యర్థజలాలు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను లాగేయవచ్చు.

మళ్లీ ఇలా జరిగితే అధికారి కోసం ఎదురుచూస్తూ సమయం పోనివ్వకండి. అప్పుడే చస్తున్న చేపలు నాలుగైదు ఐసులో పెట్టండి, కుళ్లినవి ల్యాబ్‌లో పనికిరావు. శుభ్రమైన గాజు సీసాల్లో మూడు చోట్ల నీళ్లు నిండా పట్టండి: వాగు చెరువులో కలిసే చోట, చేపలు తేలిన చోట, దూరంగా ఏమీ కాని చోట. ఆ మూడో సీసా లేకపోతే మిగతా రెండూ సగం విషయమే చెబుతాయి. ఫోన్‌తో తేదీ, టైము, స్థలం కనిపించేలా ఫొటోలు తీయండి. మీరు పట్టిన సీసా దర్యాప్తుకు దారి చూపిస్తుంది గానీ ఒక ఫ్యాక్టరీ మీద కేసు నిలబడాలంటే చట్ట ప్రకారం నమూనా కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి. 1974 నాటి నీటి కాలుష్య చట్టం సెక్షన్ 21 ఆ పద్ధతి చెబుతుంది: ఫ్యాక్టరీవాళ్లకు అక్కడికక్కడే నోటీసివ్వాలి, వాళ్లు కోరితే నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇరుపక్షాలూ సంతకం పెట్టాలి. అధికారి వచ్చినప్పుడు ఆ సెక్షన్ పేరెత్తి, మర్యాదగా, నమూనా కాలువ మొగదల దగ్గర తీయమని అడగండి. తెల్లవారుజామునే రమ్మని రాతపూర్వకంగా కోరండి. మీలో మీరు కొట్టుకుంటే మాత్రం ఆ సీసాలు పట్టేవాళ్లు కూడా మిగలరు.

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ మాస్టారిని. పిల్లలతో కలిసి కుందూ నది నీళ్లను ఏడాది పొడుగునా పరీక్షించాలనుంది. బడిలో ల్యాబ్ అంతంత మాత్రమే. ఎలా మొదలుపెట్టాలి?
(ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల)

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం చదివాక చాలాసేపు సంతోషంగా ఉన్నాను. కేంద్ర మండలి 2018లో ప్రకటించిన కలుషిత నదీ భాగాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్నవి ఐదు, వాటిలో మీ కుందూ ఒకటి. మీ పిల్లలు రాసే లెక్కకు నిజంగా అవసరముంది.

మొదట రెండు చోట్లు ఎంచుకోండి, ఊరికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. ఎప్పటికీ అవే చోట్లు, అదే టైము. మురుగు కాలువ కలిసే మూతి దగ్గర పట్టకండి, అక్కడ మీకు దొరికేది కాలువ నీళ్లు, నది కాదు. నీళ్లు బాగా కలిసిపోయాక, ఇంకొంచెం దిగువన పట్టండి. నిలిచిన గుంటలో కాకుండా పారే చోట, వీలైతే వంతెన మీంచి బకెట్ వదిలి నడిమధ్య నుంచి. సీసాను ముందు ఆ నీళ్లతోనే రెండుమూడుసార్లు తొలవండి, తర్వాత ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి, పై తెట్టు రాకుండా ఒక అడుగు లోతున నింపండి. సూక్ష్మజీవుల పరీక్షకు పట్టే సీసాను మాత్రం తొలవకూడదు, అది వేడిలో శుద్ధి చేసి తెచ్చుకున్నది.

తక్కువ ఖర్చుతో అయ్యేవి చాలా ఉన్నాయి. థర్మామీటరు, పీహెచ్ కాగితాలు, వాహకత చూపే చిన్న మీటర్. నీళ్ల తేటదనానికి సెక్కీ పళ్లెం మీరే చేసుకోవచ్చు: 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేసి, కింద బరువు కట్టి తాడుతో దించండి, అది కనుమరుగయ్యే లోతు రాసుకోండి. మలం కలిసిందో లేదో సూచనగా తెలుసుకోవడానికి హెచ్2ఎస్ సీసాలున్నాయి, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే నల్లబడతాయి. జల్‌జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్షలు నేర్పించే ఏర్పాటుంది. మీ ఊళ్లో నేర్చుకున్న అక్కలను బడికి పిలవండి, పిల్లలకు వాళ్లే చూపిస్తారు.

కరిగిన ఆక్సిజన్ పరీక్ష ఒక్కటి మాత్రం ఎలాగైనా చేయించండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష అదే. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో ఒక్క గాలి బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, నది ఒడ్డునే మాంగనస్ సల్ఫేట్, ఆ వెంటనే ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి మబ్బులా దిగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. హైదరాబాద్ కింద మూసీ నీళ్లలో ఆ తెల్లటి మడ్డి చూసినప్పుడు ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టుండేది. తర్వాత ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, గంజి కలిపి, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే నీలం పోయి నీళ్లు రంగులేకుండా అవుతాయి. ఆమ్లం, అజైడ్ పిల్లల చేతికి ఇవ్వకండి, అజైడ్ విషం. అవి మీరే వేయండి, బ్యూరెట్ వాళ్లకివ్వండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ వాళ్లను కలిస్తే ఈ మందులు దొరుకుతాయి.

రాళ్ల కింద పురుగులను కూడా చూపించండి. తోక చివర మూడు సన్నటి పోగులతో మేఫ్లై పిల్లలు కనిపిస్తే అక్కడ ఆక్సిజన్ బాగుందన్నట్టు. మడ్డిలో ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే నది కష్టంలో ఉంది. మీటర్ ముంచిన క్షణం సంగతే చెబుతుంది. పురుగులు కొన్ని వారాల సంగతి చెబుతాయి. కేంద్ర మండలి కూడా ఇలా జీవులను బట్టి నీటికి మార్కులు వేసే పద్ధతి పెట్టింది.

నోటుబుక్కులో అంకెతో పాటు ఎండా మబ్బా, ముందురోజు వాన పడిందా, నీళ్లు ఏ రంగున్నాయి, ఏ వాసనొచ్చింది అన్నీ రాయించండి. వింతగా వచ్చిన అంకెను కొట్టేయనివ్వకండి. వానాకాలం నది పొంగుతున్నప్పుడు పిల్లలను దించకండి, ఆ వారం ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: మా పట్టణానికి రిజర్వాయర్ నీళ్లు వస్తాయి. ఏటా కొన్ని రోజులు నీళ్లకు కుళ్లిన కోడిగుడ్డు వాసన, బట్టలకు గోధుమరంగు మరకలు. ఎవరో రిజర్వాయర్‌లో ఏదో కలుపుతున్నారని పుకారు.
(ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: కలపకుండానే అలా జరగొచ్చు. లోతైన రిజర్వాయర్‌లో ఎండలకు పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, అడుగునీళ్లు చల్లగా, బరువుగా ఉండిపోతాయి. రెండూ కలవవు. అడుగున చచ్చిన నాచు, ఆకులు, వరద తెచ్చిన మట్టి కుళ్లి అక్కడి ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేని నీళ్లలోకి మట్టిలోని ఇనుము, మాంగనీస్ కరిగి వస్తాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మీరు చెప్పిన వాసన దానిదే. చలి మొదలైనప్పుడో, పెద్ద గాలివానకో పొరలు తలకిందులైతే, లేదా నీళ్లు అడుగు తూము నుంచి తీస్తే, అవన్నీ మీ కొళాయికి వస్తాయి. గాలి తగలగానే ఇనుము, మాంగనీస్ గోధుమరంగు, నలుపు మరకలవుతాయి.

అందుకే రిజర్వాయర్‌ను ఒడ్డున ఒక సీసా పట్టి తేల్చకూడదు. పడవలో లోతైన చోటికి వెళ్లి పైన, మధ్యన, అడుగున విడివిడిగా ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలవాలి. మీ మున్సిపాలిటీని రెండు విషయాలు అడగండి: నీళ్లు ఏ మట్టం తూము నుంచి తీస్తున్నారు, ఆ మట్టంలో ఆక్సిజన్ చివరిసారి ఎప్పుడు కొలిచారు. తూము మట్టం మార్చుకునే వీలుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. పైన పచ్చటి పెయింటు పోసినట్టు నాచు కట్టినప్పుడు మాత్రం వేరే జాగ్రత్త కావాలి. కొన్ని రకాల నాచు విషం వదులుతుంది, మరగబెట్టినా అది పోదు. అప్పుడు పశువులను కూడా ఆ ఒడ్డుకు తోలకండి.

ప్రశ్న: 2027లో గోదావరి పుష్కరాలు కదా. అందరం స్నానాలు చేస్తాం. నీళ్లు బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: స్నానపు నీళ్లలో బీఓడీ 3కు మించకూడదు, ఆక్సిజన్ 5కు తగ్గకూడదు, మల కోలిఫామ్ (మలంతో వచ్చే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండడం మంచిది, 2500 దాటితే దిగకూడదు. చిక్కేమిటంటే కోలిఫామ్ ఫలితం రావడానికి మామూలు పద్ధతిలో రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఈరోజు పట్టిన నమూనా ఫలితం వచ్చేసరికి ఈరోజు మునిగినవాళ్లు ఊరెళ్లిపోయి ఉంటారు. అందుకే పుష్కరాలకు నెలల ముందు నుంచే ఘాట్ వారీగా పరీక్షలు జరిపి, ఏ ఘాట్ దగ్గర ఏ మురుగు కాలువ కలుస్తోందో గుర్తించి, దాన్ని మళ్లించాలి. ఆ అంకెలు ఘాట్ దగ్గర బోర్డు మీద రాయమని ఇప్పటినుంచే మీ కార్పొరేటర్‌ను అడగండి. మునిగేటప్పుడు నీళ్లు మింగకండి, పసిపిల్లలకు, ఒంటి మీద పుండ్లున్నవాళ్లకు నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టండి.

ప్రశ్న: దేశంలో కలుషిత నదీ భాగాలు 351 నుంచి 311కు తగ్గాయని చదివాను. అంటే నదులు బాగుపడుతున్నట్టేనా? ఈ లెక్కలు మామూలు మనిషి చూడగలడా?
(ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

జవాబు: 351 అన్నది 2018 జాబితా, 311 అన్నది 2022లో వచ్చింది. తగ్గడం మంచిదే. అయితే ఆ జాబితాకు కొలబద్ద బీఓడీ ఒక్కటే. 3 దాటితే జాబితాలోకి, 30 దాటితే అన్నిటికన్నా పైన ఉండే మొదటి ప్రాధాన్యంలోకి. మూసీ ఆ మొదటి వరసలోనే ఉంది. బీఓడీకి లొంగని కాలుష్యం ఎంతున్నా ఈ జాబితాకు తెలియదు.

దీనికి మన పటాన్‌చెరు కన్నా పెద్ద ఉదాహరణ లేదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వచ్చే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన బ్యాక్టీరియాకు తర్వాత ఆస్పత్రిలో మామూలు మందులు పనిచేయకపోవచ్చు. నదుల మామూలు పర్యవేక్షణలో ప్రధానంగా చూసేవి ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత, ఆక్సిజన్, బీఓడీ, నైట్రేట్, నైట్రైట్, రెండు రకాల కోలిఫామ్. లోహాలు, పురుగుమందులు ఎంపిక చేసిన చోట్ల, అరుదుగా. యాంటీబయాటిక్స్ వాటిలో లేవు. 2020 జనవరిలో కేంద్రం ఇచ్చిన ముసాయిదాలో ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లోని యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెట్టారు, 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. అవి తిరిగి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కొలవని విషాన్ని ఏ అధికారీ ఆపలేడు.

లెక్కలు చూడడానికి మీకు పూర్తి హక్కుంది. జాతీయ నీటి నాణ్యత పర్యవేక్షణ కింద రాష్ట్ర మండళ్లు తీసే అంకెలను కేంద్ర మండలి ఏటా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. కేంద్ర జల సంఘం కూడా తుంగభద్ర, కృష్ణ, గోదావరి వెంట విడిగా నమూనాలు తీస్తుంది. అక్కడ ఉన్నవి చాలావరకు ఏడాదిలో కనిష్ఠం, గరిష్ఠం. మీకు కావాల్సింది విడివిడి నమూనాల వివరం, దానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఫ్యాక్టరీలకు ఏ షరతులతో అనుమతి ఇచ్చారో రాసిన రిజిస్టరు సంబంధం ఉన్న ఎవరైనా చూడొచ్చని నీటి చట్టం సెక్షన్ 25 చెబుతుంది. ఎవరూ పట్టించుకోకపోతే సెక్షన్ 49 ప్రకారం 60 రోజుల నోటీసిచ్చి పౌరుడే కోర్టుకు వెళ్లొచ్చు.

దరఖాస్తులో "మా నది నీళ్లు ఎలా ఉన్నాయి" అని రాస్తే "ప్రమాణాలకు లోబడి ఉన్నాయి" అనే ఒక్క లైను వస్తుంది. ఇలా రాయండి: "తుంగభద్ర నదిపై కర్నూలుకు ఎగువన, దిగువన ఉన్న పర్యవేక్షణ కేంద్రాల్లో గత 24 నెలల్లో తీసిన ప్రతి నీటి నమూనాకు సంబంధించి, నమూనా తీసిన తేదీ, సమయం, కచ్చితమైన స్థలం, పరీక్షించిన అన్ని అంశాలు, వాటి ఫలితాలు తెలిపే ల్యాబ్ రిపోర్టుల నకళ్లు ఇవ్వగలరు. నమూనా తీయని నెలలుంటే ఆ నెలలు, తీయకపోవడానికి ఫైలులో నమోదైన కారణం తెలుపగలరు." పౌర సమాచార అధికారి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం అని చిరునామా రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. జవాబు వచ్చాక ఒక నకలు నాకూ పంపండి, కలిసి చదువుదాం.